అప్పటి గేమూ ఇప్పటి గేమూ ఒకటేనా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. పెళ్లై ఆరేళ్లు, పాపకు నాలుగేళ్లు. పెళ్లైన కొత్తలో మావారు రాత్రిళ్లు ‘ది విచర్ 3’ ఆడేవారు. నేనెప్పుడూ ఏమీ అనలేదు. రెండేళ్లుగా ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆడుతున్నారు. మంగళ, బుధ, గురువారాలు రాత్రి 8 నుంచి 11 దాకా హెడ్‌సెట్ పెట్టుకుని తలుపేసుకుంటారు. మొన్న పాపకు జ్వరం 102 ఉందని పిలిస్తే ‘ఒక్క ఐదు నిమిషాలు, పుల్ మధ్యలో ఉన్నాం’ అన్నారు. పుల్ అంటే ఒక విడత పోరాటమట. గదిలోంచి ఆయన నవ్వు వినిపిస్తుంటుంది. నాతో అలా నవ్వి ఎన్నాళ్లైందో! అడిగితే ‘అప్పుడూ గేమే, ఇప్పుడూ గేమే, అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు’ అంటారు. మళ్లీ ఆ పాత గేమ్‌లే ఆడుకోమని చెప్పనా? అత్తగారి చెవిన వేయనా?

జవాబు: రెండూ రోల్ ప్లేయింగ్ గేమ్‌లే, ఆ మాట నిజం. రెండింట్లోనూ ఒక పాత్రను పట్టుకుని, దానికి బలం, ఆయుధాలు పెంచుకుంటూ పోవడమే. కానీ మీ ఇంటికి సంబంధించినంతవరకు అవి ఒకటి కావు. మీకు అప్పుడు లేని బాధ ఇప్పుడు కలగడంలో వింతేమీ లేదు.

‘ది విచర్ 3’ ఒక్కరే ఆడుకునే గేమ్, 2015లో వచ్చింది. మీరు భోజనానికి పిలిస్తే ఆయన పాజ్ నొక్కి వచ్చేవారు కదా. పోరాటం నడుస్తున్నప్పుడు తప్ప ఎప్పుడంటే అప్పుడు సేవ్ చేసుకోవచ్చు. వారం తర్వాత వెళ్లినా ఆ రాక్షసుడు అక్కడే ఉంటాడు. అసలు కథకే 50 గంటల దాకా పడుతుంది, పక్క దారులన్నీ తిరిగితే ఇంకా ఎక్కువ. అయినా ఎక్కడో ఒకచోట అయిపోతుంది. ఒంటరిగా ఆడేవన్నీ మంచివని నేననను. తెల్లవార్లూ కూర్చోబెట్టేవీ ఉన్నాయి. కాకపోతే ఆయన లేచి వచ్చేస్తే అక్కడ ఎదురుచూసే మనిషంటూ ఉండడు.

ఇప్పుడు ఆడేది ఇంటర్నెట్‌లో నలుగురితో కలిసి ఆడే గేమ్, 2004లో మొదలై నేటికీ నడుస్తోంది. అయిపోయేలా తయారుచేసిన గేమ్ కాదది. కొన్ని నెలలకోసారి కొత్త రెయిడ్ (జట్టుగా వెళ్లి పెద్ద రాక్షసుల్ని ఓడించే ఘట్టం) వస్తుంది, కష్టపడి సంపాదించుకున్న సామాను కాస్తా పాతబడిపోతుంది. అమెరికా సర్వర్లలో వారం లెక్క మంగళవారం కొత్తగా మొదలవుతుంది, మీ ఇంట్లో మంగళవారం తలుపు మూసుకోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఆయన రెయిడ్‌లో అన్నిటికంటే కష్టమైన మిథిక్ స్థాయిలో ఆడుతుంటే జట్టులో సరిగ్గా 20 మంది ఉండాలి. దెబ్బలు కాచుకునే ట్యాంకులు, ప్రాణం నింపే హీలర్లు, మిగతా కొట్టేవాళ్లు. మధ్యలో ఒక హీలర్ లేచిపోతే కాసేపట్లోనే అందరూ చచ్చి, మొదటి నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. దాన్ని ‘వైప్’ అంటారు. పేకాటలో ముక్కలు పంచాక లేచిపోయేవాణ్ని ఎవరూ రెండోసారి పిలవరు, ఇదీ అంతే.

అంటే ‘ఐదు నిమిషాలు’ అన్నది సాకు కాదు. ఆ క్షణంలో ఆయన నిజంగానే ఇరుక్కుపోయి ఉన్నారు. పాజ్ లేకపోవడం గేమ్ పెట్టిన నియమం, సరే. వారానికి మూడు రాత్రులు ఆ నియమం కింద ఉంటానని ఒప్పుకున్నది మాత్రం ఆయనే. 19 మందికి మాటిచ్చేటప్పుడు, ఆ మూడు రాత్రులూ పాపకు స్నానం చేయించి నిద్రపుచ్చేది ఎవరని మిమ్మల్ని ఒక్క మాట అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ గొడవ గేమ్ మంచిదా చెడ్డదా అని కాదు, దీని గురించే. ఆయనతో కూడా దీని గురించే మాట్లాడండి.

రెయిడ్ ఉన్న రాత్రి తలుపు దగ్గర నిలబడి ఈ మాటలు ఎత్తకండి. శనివారమో ఆదివారమో పాప పడుకున్నాక కూర్చోండి. జ్వరం సంగతి ముందు తేల్చుకోండి, అందులో బేరం లేదు. పాపకు బాగోలేకపోయినా, మీరు ‘ఇప్పుడే రండి’ అన్నా పుల్ మధ్యలోనైనా హెడ్‌సెట్ తీసి రావాలి. వైప్ అయితే అవుతుంది. ఒక్కో బాస్ (పెద్ద రాక్షసుడు) దగ్గర రాత్రికి అలా ఎన్నోసార్లు చావడం వాళ్లకు మామూలే. మీరు కూడా పార్సిల్ వచ్చిందనో, రేపటి సరుకులేమిటనో ఆ మాట వాడకండి. ఒక పుల్ సాధారణంగా పది పన్నెండు నిమిషాల్లోపే ముగుస్తుంది, అందరూ మళ్లీ లేచి సర్దుకునే వ్యవధిలో వచ్చి మాట్లాడమనండి.

తర్వాత రాత్రుల లెక్క. మూడింటిని ఒకటికో, మహా అయితే రెండుకో తగ్గించమనండి. గిల్డ్ (ఆయన ఆడే జట్టు సంఘం) ఒప్పుకోదంటే, మిథిక్ కంటే ఒక మెట్టు కిందున్న హీరోయిక్ స్థాయిలో 10 నుంచి 30 మంది దాకా ఎందరైనా ఆడొచ్చు, ఒకరు రాకపోయినా ఆట ఆగదు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆయన మిగుల్చుకున్న ప్రతి రాత్రికీ బదులు మీకొక సాయంత్రం కావాలి. ఆ పూట పాప భారం పూర్తిగా ఆయనది. మీరు డాన్స్ క్లాసుకి వెళ్తారో, కారులో కూర్చుని అమ్మతో గంటసేపు మాట్లాడుకుంటారో మీ ఇష్టం.

పాత గేమ్‌లకే వెళ్లమని మాత్రం అనకండి. ఊళ్లో ఉంటే బావమరుదులు, క్లాస్‌మేట్లు, వీధి చివర టీకొట్టు ఉండేవి. అక్కడ ఆయనకు ఆ 19 మందే స్నేహితులేమో. ఆ నవ్వు మీ మనసులో గుచ్చుకుందని నాకు అర్థమవుతోంది. ఫోన్లో గేమ్ ఆడేవాళ్లు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్ తెరిచి చాట్‌లు వెతికితే అది తీరదు. ‘నాతో అలా నవ్వి చాలా రోజులైంది’ అని నాకు రాసిన మాటే ఆయనతో అనండి, గేమ్ ఊసెత్తకుండా.

వ్యసనం అనే మాట తొందరపడి అనకండి. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇది సాధారణంగా ఏడాది పాటు సాగితేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బు కింద లెక్కేస్తుంది. మీరు రాసిన దాన్నిబట్టి అంతదూరం వచ్చినట్టు లేదు. ఉద్యోగం, నిద్ర పాడవుతున్నా, రాత్రులు తగ్గిస్తానని పదేపదే మాటిచ్చి తగ్గించలేకపోతున్నా అక్కడే ఒక ఫ్యామిలీ కౌన్సిలర్‌ను ఇద్దరూ కలిసి కలవండి.

అత్తగారికి ఇప్పుడే చెప్పొద్దు. ఆవిడకు రెయిడ్ అంటే ఏమిటో తెలియదు, కొడుకు ఏదో చెడు తిరుగుడు తిరుగుతున్నాడని టెన్షన్ పడి రోజూ ఫోన్ చేస్తారు. అప్పుడు ఆయన మీ మాటకు కాకుండా, మీరు వాళ్లమ్మకు ఫిర్యాదు చేయడానికి జవాబు చెప్పడం మొదలుపెడతారు.