ఎల్‌ఎస్‌డీ ఇచ్చిన ఎలుకకు నిజంగా భ్రమలు కలుగుతాయా?

ఎల్‌ఎస్‌డీ లాంటి మందు ఇచ్చిన ఎలుకకు ఏవేవో కనిపిస్తున్నాయని ల్యాబ్‌లో ఎలా తెలుస్తుందని అడిగారు. సూటిగా చెప్పాలంటే, తెలియదు. అది చేసే పని ఒక్కటే మనకు కనిపిస్తుంది.

బెంగళూరులో ఒక ల్యాబ్‌లో రెండేళ్లు పనిచేశాను. చిట్టెలుకల తల విదిలింపులు లెక్కపెట్టడం నా పని. చెవిలో నీళ్లు పడితే కుక్క తల ఎలా విదిలిస్తుందో అలాగే, కానీ చాలా వేగంగా. మామూలు చిట్టెలుక కూడా అప్పుడప్పుడూ విదిలిస్తుంది. ఎల్‌ఎస్‌డీ లాగే మనుషుల్లో భ్రమలు కలిగించే డీఓఐ అనే మందు ఇస్తే కొద్ది నిమిషాల్లోనే అవి బాగా పెరుగుతాయి. రెప్ప వేస్తే ఒకటి తప్పిపోతుందని వీడియోను నెమ్మదిగా నడిపి చూసేదాన్ని. ఏ కేజ్‌లో మందు ఇచ్చారో, ఏ కేజ్‌లో సెలైన్ ఇచ్చారో లెక్క అయ్యేదాకా నాకు చెప్పేవారు కాదు.

మొదటి వారం నోట్‌బుక్‌లో 'దీనికి భ్రమలు ఎక్కువ' అని రాశాను. మా మేడమ్‌ది గుంటూరు. "నువ్వు చూసింది విదిలింపు అమ్మా, భ్రమ కాదు. చూసిందే రాయి" అన్నారు. ఆ లైన్ కొట్టేసి మళ్లీ రాశాను.

ఆమె ఎందుకలా అన్నారో పోనుపోను అర్థమైంది. మనుషుల్లో భ్రమలు కలిగించే ఈ రకం మందులు మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే సెరటోనిన్ 2ఏ రిసెప్టర్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. ఆ రిసెప్టర్ లేకుండా పుట్టించిన చిట్టెలుకల్లో ఈ విదిలింపులు రావు. ఆ రిసెప్టర్‌ను అడ్డుకునే కెటాన్సెరిన్ అనే మందు ముందుగా ఇచ్చినా ఆగిపోతాయి. కాబట్టి ఇది మంచి గుర్తే. అయితే 5-హెచ్‌టీపీ అనే పదార్థం మనుషుల్లో భ్రమలు కలిగించదు, చిట్టెలుకల్లో మాత్రం విదిలింపులు తెస్తుంది. డోసు సంగతీ అంతే: పెంచుతూ పోతే విదిలింపులు ఒక స్థాయి దాకా పెరిగి, ఆ తర్వాత తగ్గుతాయి.

డోసు అంటే గుర్తొచ్చింది. 1962లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో టస్కో అనే ఏనుగుకు మదం ఎక్కుతుందేమో చూద్దామని 297 మిల్లీగ్రాముల ఎల్‌ఎస్‌డీ ఇచ్చారు. మనిషికి 0.1 మిల్లీగ్రాము చాలు. ఆ ఏనుగు ఐదు నిమిషాల్లో కూలిపోయి, రెండు గంటల లోపే చనిపోయింది. ఆ తర్వాత ఇచ్చిన మందులూ కారణం కావచ్చంటారు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు జంతువుల ఎథిక్స్ కమిటీ ఫారంలో 'ఎంత డోసు, ఎందుకంత' అన్న గడి నింపడానికి పూటంతా పట్టింది.