అమ్మమ్మను కథలోకి తెస్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి అపరాధ పరిశోధన నవలలు వరుసగా రాయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నేరాలు కనిపెట్టేది అచ్చం మీ అమ్మమ్మ లాంటి పెద్దావిడట. దేవుని కడపలో ఉంటూ, గుడికి పూలమాలలు కడుతూ, పోలీసులకు అంతుపట్టని చిక్కులు విప్పుతుందట. నా తల్లి పుస్తకంలోకి వస్తోందంటే ఎంత పొంగిపోయానో! అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకు సంతోషం ఒక్కటే కారణం కాదు.

తేలిక మాటలు ముందు చెప్పేస్తాను. నేరం చేసినవాడిని కథ మొదట్లోనే పాఠకుడి కళ్ళ ముందు తిప్పు. నీ పెద్దావిడ చూసిన ఆధారం ప్రతిదీ పాఠకుడూ చూడాలి. నెత్తురు, బూతులు వద్దనుకున్నావట, మంచిది. ఉగాది నాడు ముస్లింలు బీబీ నాంచారమ్మను తమ ఆడపడుచుగా తలచి వేంకటేశ్వరుడి దర్శనానికి వచ్చే ఊరు మనది. నీ కథలో స్నేహితులూ అనుమానితులూ అంతా ఒకే మతం వాళ్ళయితే అది కడప కాదు. ఇంకో మాట, ఉద్యోగం మాత్రం పూర్తిగా వదిలేయకు.

ఇక భక్తి సంగతి. మొదటి నవలలోనే స్వామి కలలో కనిపించి దొంగ జాడ చెబుతాడని విన్నాను. వద్దు తల్లీ. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే మీ అమ్మమ్మ గురించి నీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి.

మా వీధి రామాలయంలో ఒకసారి శ్రీరామనవమి ముందు వెండి పంచపాత్ర కనిపించకుండా పోయింది. మా అమ్మ చూపు చాలా పదును. ఎవరి గొలుసు ఎక్కడ జారిందో, ఎవరి ఆవు ఎవరి దొడ్డిలో ఉందో ఇట్టే చెప్పేది, అందరూ ఆమె మాట నమ్మేవారు. గుడి ఊడ్చే కుర్రవాడు కొత్త చొక్కా వేసుకున్నాడని, రెండు రోజులుగా పనికి రాలేదని, అడిగితే తల దించుకున్నాడని ఆమె గమనించింది. చూసినవన్నీ నిజమే. కానీ అక్కడితో ఆగలేదు. ఎర్ర పువ్వొకటి, తెల్ల పువ్వొకటి కాగితాల్లో పొట్లాలు కట్టి స్వామి ముందు పెట్టింది. పసివాడి చేత ఒకటి తీయించింది. ఆ పసివాణ్ణి నేనే. ఎర్ర పువ్వు వచ్చింది. అంతే, ఆమె మనసులో ఉన్న అనుమానం దేవుడి తీర్పు అయిపోయింది.

ఆ పిల్లవాణ్ణి ఎవరూ కొట్టలేదు. పోలీసులకూ చెప్పలేదు. గుడి మెట్లు మాత్రం ఎక్కనివ్వలేదు, అతని తల్లిని పనికి పిలవడం మానేశారు. కొన్నాళ్ళకు ఇల్లు ఖాళీ చేసి ప్రొద్దుటూరు వెళ్ళిపోయారు. వానాకాలంలో ఉత్సవ వస్త్రాల పెట్టె ఎండలో పెట్టడానికి తెరిస్తే, ఒక పట్టుబట్ట మడతలో పంచపాత్ర ఉంది. నవమి హడావుడిలో భద్రంగా ఉంటుందని ఎవరో అందులో పెట్టి మరిచిపోయారు. ఆ కొత్త చొక్కా అక్క పెళ్ళిచూపులకు కొన్నదట. రెండు రోజులు రానిదీ ఆ పెళ్ళిచూపుల వల్లనేనట.

మా అమ్మ ప్రొద్దుటూరు వెళ్ళింది. ఆ తల్లి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది, ఒక్క మాటా మాట్లాడలేదట. తిరిగొచ్చాక అమ్మ పూజ మానలేదు. ఇంకా పొద్దున్నే లేచేది. కానీ మళ్ళీ ఎన్నడూ పూలు పెట్టి అడగలేదు. ఎవరైనా వచ్చి ఫలానావాడి మీద అనుమానంగా ఉందంటే, మన లెక్క తప్పితే వాడి బతుకేమవుతుందని ముందు అడిగేది. నువ్వు ఎరిగిన అమ్మమ్మ ఆ తరువాతి మనిషి. నువ్వు ఆమెనే మొదటి పేజీలో నిలబెడుతున్నావు. అలా చేస్తే రెండో నవలకు ఆమె ఎదగడానికి ఏం మిగులుతుంది? మొదటి పుస్తకంలో దేవుడు తన పక్షాన ఉన్నాడన్న ధీమాతో ఉండనివ్వు. ఆ ధీమా ఒక అమాయకుణ్ణి గాయపరచాలి. ఆ గాయం తరువాతి పుస్తకాలన్నిటిలోనూ ఆమె వెంట నడవాలి.

ఇంగ్లీషు రచయిత చెస్టర్టన్ 1910లో మొదలుపెట్టిన ఫాదర్ బ్రౌన్ కథలు చదివావా? నేరాలు కనిపెట్టే ఆ క్రైస్తవ మతగురువుకు దైవం ఆధారాలు చూపదు. ఏళ్ళ తరబడి మనుషుల పాపాలు విన్నాడు కాబట్టి నేరం ఎలా పుడుతుందో తెలుసు. ఆయన పట్టుకున్న దొంగ ఫ్లాంబో చివరికి దొంగతనం మాని ఆయనకే స్నేహితుడవుతాడు. అక్కడ విశ్వాసం పనిచేసేది దొంగను పట్టుకున్న తరువాతే.

ఇన్నేళ్ళు కోర్టులో బెంచ్ క్లర్కుగా కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, చివరి అధ్యాయంలో ఇన్‌స్పెక్టర్ ఎదుట హంతకుడి చేత నేరం ఒప్పించి చేతులు దులుపుకోకు. పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలును నిందితుడి మీద రుజువుగా వాడటానికి చట్టం ఒప్పుకోదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ చూడు. అతను చెప్పిన మాట వల్ల దొరికిన వస్తువుంటే ఆ మేరకు చెల్లుతుంది. అదే నీ పెద్దావిడకు ఇష్టపూర్వకంగా చెప్పుకుంటే సాక్ష్యంగా తీసుకోవచ్చు, అయితే కోర్టు దానికి తోడు మరో ఆధారం వెతుకుతుంది.

నీ కథకు అసలు బలం ఇక్కడుంది. అతను ఆమెను నమ్మి, అమ్మలా తలచి చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆమె బోనెక్కాలి. దేవుడి సాక్షిగా నిజమే చెబుతానని ప్రమాణం చేయాలి. రోజూ పూలు కట్టిన ఆ దేవుడి పేరు మీదే, తనను నమ్మినవాడికి శిక్ష పడే మాట చెప్పాలి. బోనులో ఆ ప్రమాణం దగ్గర గొంతు పూడుకుపోయిన సాక్షులను చూశాను. ఆ పేజీ తొందరపడి రాయకు.

అది రాసే ముందు కడపకు రా. కోర్టు హాలులో సాక్షి ఎక్కడ నిలబడుతుందో, ఎవరి ముఖం చూడాల్సి వస్తుందో చూపిస్తాను. వేళకు తిను, రాత్రంతా మేలుకోకు. పంచపాత్ర సంగతి నవలలో వాడుకో, మీ అమ్మతో నేను మాట్లాడతాను. ఆ కుర్రవాణ్ణి గుర్తుపట్టే వీలు మాత్రం లేకుండా ఊరు, వయసు, చేసే పని అన్నీ మార్చెయ్యి.

నీ మామయ్య