గురుకులాల్లో లైఫ్ స్కిల్స్ క్లాసులు పనిచేస్తున్నాయో లేదో ఎలా తేల్చాలి?

మీరడిగింది ఇదీ: చిన్న ట్రస్టు తరఫున గురుకులాల్లో వారానికో క్లాసు చెప్తున్నారు, పిల్లలకు బాగా నచ్చుతోంది, డబ్బులిచ్చేవాళ్లేమో ఫలితం చూపించమంటున్నారు. పిల్లల మనసు ఎలా ఉందో మొదట్లో ఒక సర్వే, చివర్లో ఒక సర్వే చేస్తే చాలా అని. చాలదండీ. ఇలాంటి సర్వేల కోసం కొన్నేళ్లు హాస్టళ్ల చుట్టూ తిరిగినదాన్ని కాబట్టి చెప్తున్నా.

వేసవి సెలవులయ్యాక జూన్ చివర్లో అడిగితే చాలామంది పిల్లలు ఇంటిమీద బెంగతో ఉంటారు. దసరా తర్వాత అడిగారనుకోండి, స్నేహాలు కుదిరి, హాస్టల్ తిండికి అలవాటుపడి ఉంటారు. మీరు క్లాసు చెప్పినా చెప్పకపోయినా స్కోరు మెరుగవుతుంది. పదో తరగతికి ఇది తిరగబడుతుంది. జులైలో హుషారుగా ఉన్న పిల్ల ఫిబ్రవరిలో ప్రీఫైనల్స్ మధ్య దిగాలుగా ఉంటుంది, ఆ నింద మీ క్లాసు మీద పడుతుంది. అందుకే క్లాసులు లేని స్కూళ్లలోనూ అదే వారం, అవే ప్రశ్నలు అడగాలి. వాళ్లకేమీ ఇవ్వకుండా అడగడం అన్యాయమంటారా? ఎలాగూ అన్ని స్కూళ్లకూ ఒకేసారి వెళ్లేంత మనుషులు మీకు ఉండరు. ఈ ఏడాది కొన్ని, వచ్చే ఏడాది మిగతావి పెట్టుకుని, ఏవి ముందో చీటీలు వేసి తేల్చండి. లేకపోతే మీతో బాగుండే ప్రిన్సిపాల్ స్కూలే ముందుకొస్తుంది. అలాంటి స్కూల్లో పిల్లలు మొదటినుంచీ కాస్త కులాసాగానే ఉంటారు!

పిల్లలకు నచ్చిందన్నది సంతోషమే, కానీ రుజువు కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939లో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. 506 మంది అబ్బాయిల్ని జతలు చేసి, జతలో ఒకరికి కౌన్సెలర్ సాయం, ట్యూషన్, వేసవి శిబిరాల వంటివి ఇచ్చారు, రెండోవాడికి ఇవ్వలేదు. అది ముగిసిన 30 ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లను వెతికి పట్టుకున్నారు. సాయం పొందినవాళ్లలో ఎక్కువమంది అది తమకు మేలు చేసిందనే చెప్పారు. కానీ తాగుడు, మానసిక జబ్బులు, తొందరగా చనిపోవడం వంటివి చూస్తే వాళ్ల పరిస్థితే అధ్వానం. పోల్చడానికి రెండో గుంపు లేకపోయుంటే 1978లో ఈ సంగతి బయటపడేదే కాదు.

మన దగ్గరి ఉదాహరణ బిహార్‌లోని నలంద జిల్లాది, బళ్లలో నడిపిన సెహర్ అనే కార్యక్రమం. మామూలు లైఫ్ స్కిల్స్ క్లాసులు అన్ని బళ్లలోనూ ఉన్నాయి. వాటికి తోడు బడి వాతావరణాన్ని బాగుచేసే పనిని కొన్ని బళ్లలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌కి, కొన్నింట్లో అక్కడి టీచరుకే ఇచ్చారు. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం కౌన్సెలర్ ఉన్న బళ్లలో వాతావరణం మెరుగైంది, దిగులు లక్షణాలు, తోటిపిల్లల్ని వేధించడం తగ్గాయి. టీచరు నడిపిన బళ్లకూ, మామూలు క్లాసులే ఉన్న బళ్లకూ తేడా కనిపించలేదు. ఆ కౌన్సెలర్లు సైకాలజిస్టులేం కారు. కాబట్టి క్లాసు ఎవరు చెప్తున్నారో కూడా రాసిపెట్టుకోండి.

క్లాసు నిజంగా జరిగిందో లేదో కూడా. రిజిస్టర్‌లో 'జరిగింది' అని ఉంటుంది, పిల్లల్నడిగితే ఆ పీరియడ్‌లో లెక్కల సార్ స్లిప్ టెస్ట్ పెట్టారంటారు. నేను చూసిన చాలాచోట్ల ఇదే తంతు. బ్రిటన్‌లో 85 బళ్లలో ధ్యానం తరహా పాఠాలు నేర్పి చూస్తే మామూలు బోధన కంటే ఉపయోగమేమీ కనబడలేదని 2022లో తేలింది. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర అసలు సాధనే చేయలేదట.

ప్రశ్నాపత్రం మీరు సొంతంగా తయారుచెయ్యకండి. పిల్లల భావోద్వేగాలు, ప్రవర్తన గురించి అడిగే 25 ప్రశ్నల ఎస్‌డీక్యూ లాంటిది తీసుకోండి. వార్డెన్ మేడమ్ గదిలో ఉండకూడదు, కాగితం మీద పేరు బదులు కోడ్ ఉండాలి, ఆ కోడ్ ఎవరిదో తెలిపే జాబితా మీ దగ్గర తాళం వేసి ఉండాలి.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యం. దిగులు ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ఫారం వాడేటట్టయితే అందులో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి ఏ పిల్ల అయినా 'అవును' వైపు టిక్కు పెడితే ఆ సాయంత్రమే మీకు తెలియాలి, డేటా ఎంట్రీ అయ్యే వచ్చే నెలలో కాదు. ఏ కాగితమూ చదవకుండా స్కూలు గేటు దాటొద్దు. ఎవరు మాట్లాడాలి, తల్లిదండ్రులకు ఎవరు చెప్పాలి, ఏ డాక్టరు దగ్గరికి పంపాలి, ఇవన్నీ సర్వేకు ముందే ప్రిన్సిపాల్‌తో కూర్చుని రాసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి పిల్ల చేతిలో పెట్టండి. ఈ ఏర్పాటు కుదరకపోతే ఆ ప్రశ్న ఉన్న ఫారం ఈ ఏడాదికి వాడకండి.