స్ట్రిప్ పరీక్షలో ఏమీ కనబడకపోతే మత్తుమందు వాడలేదని అర్థమా?

ఒంగోలు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: మూత్రపు స్ట్రిప్ ‘లేదు’ అని చూపితే కృత్రిమ మత్తుమందు వాడలేదని నమ్మవచ్చా? నమ్మకూడదు. స్ట్రిప్‌లోని యాంటీబాడీ తనకు తెలిసిన అణువు ఆకారాన్నే పట్టుకుంటుంది. గంజాయి స్ట్రిప్, గంజాయిలోని మత్తు పదార్థమైన టీహెచ్‌సీ శరీరంలో మారిన రూపం కోసం తయారైనది కనుక, జేడబ్ల్యూహెచ్-018 వంటి కృత్రిమ కానబినాయిడ్లు (గంజాయి మత్తును అనుకరించే రసాయనాలు) దానికి చిక్కవు.

అందుకే ల్యాబులో నమూనాలోని పదార్థాలను క్రొమటోగ్రఫీతో ఒకదాని నుంచి ఒకటి విడదీసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌తో అణువుల బరువు తూస్తారు. నెల్లూరు రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలను వెతికేది కూడా ఈ జాతి యంత్రమే. మెఫెడ్రోన్ అనే కృత్రిమ మత్తుమందు అణువుకు ఒక ప్రోటాన్ చేరితే బరువు 178.1226, హై రిజల్యూషన్ యంత్రం ఆ నాలుగు దశాంశ స్థానాలను చూసి, తెలిసిన పదార్థాల జాబితా అయిన లైబ్రరీలో లేని కొత్త పదార్థానికి సైతం ఫార్ములా సూచించగలదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది: బెంజీన్ వలయంపై మిథైల్ సమూహం ఒక్క స్థానం జరిగితే ఏర్పడే 3-ఎంఎంసీ అనే మరో మత్తుమందు బరువూ అంతే, యంత్రంలో అణువు విరిగితే వచ్చే ముక్కలూ దాదాపు అవే. పొడి దొరికితే అణువులో పరమాణువుల అమరికను చూపే ఎన్ఎంఆర్ పరీక్ష ఆ తేడాను తేల్చుతుంది. రక్తంలో, మూత్రంలో అంత పదార్థం ఉండదు కనుక, ఏదో ముందే తెలిసిన ప్రామాణిక నమూనాను కూడా అదే క్రొమటోగ్రఫీ గొట్టంలో (కాలమ్‌లో) నడిపి, రెండూ ఒకే సమయానికి బయటికి వస్తున్నాయో లేదో చూడవలసిందే.