నీడ గడియారం అరగంట వెనకబడడం గురించి

మాస్టారూ, నమస్కారం. హైదరాబాదులోని మీ ప్రైవేటు పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలు కట్టిన నీడ గడియారం, శంకువును (నీడ వేసే కడ్డీని) 17.4 డిగ్రీల వాలులో నిజ ఉత్తరానికి సరిగా నిలిపినప్పటికీ, ఫిబ్రవరి రెండో వారంలో చేతి గడియారం కంటే అరగంట వెనక చూపుతోందని రాశారు. పిల్లల పనిలో తప్పేమీ లేదు. దయచేసి పిల్లలు గీసిన గంటల గీతలను చెరిపించకండి.

మన ప్రామాణిక కాలాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి లెక్కిస్తారు. హైదరాబాదు సుమారు 78.5 వద్ద ఉంది కనుక, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 16 నిమిషాల తేడా అక్కడే వస్తుంది. (అన్నవరం కొండమీది నీడ గడియారం 82.4 దగ్గర ఉన్నందున దానికి ఈ సవరణ దాదాపు అక్కరలేదు.) మిగిలిన 14 నిమిషాలు భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం వల్ల, భూమి అక్షం వాలి ఉండడం వల్ల కలిగేవి. ఈ రెండో తేడా స్థిరంగా ఉండదు: నవంబరు మొదటి వారంలో సూర్యుడు 16 నిమిషాలు ముందుంటాడు కాబట్టి రెండు తేడాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకొని, మీ గడియారం చేతి గడియారంతో ఇంచుమించు కలుస్తుంది.

అందువల్ల గీతలను మార్చడం కంటే, ఏడాది పొడవునా వారానికొకసారి తేడాను పిల్లల చేతనే నమోదు చేయించి, ఆ గ్రాఫును నీడ గడియారం పక్కనే పెట్టించడం మేలని నా అభిప్రాయం.