బొమ్మలాటతో బతుకు సాగుతుందా?

ప్రశ్న: డిగ్రీ అయ్యాక ఒక ప్లేస్కూల్లో చేరాను. పాత సాక్సుకు గుండీలు కుట్టి చేసిన కుక్కపిల్లను చేతికి తొడుక్కుని కథ చెబితే పిల్లలు కదలరు. దీన్నే వృత్తిగా చేసుకుంటానంటే ఇంట్లో ‘బొమ్మలాడించి ఏం సంపాదిస్తావ్?’ అంటున్నారు. – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వాళ్ల టెన్షన్‌లోనూ అర్థముందమ్మా. మన ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో, తోలుబొమ్మలాటకు 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావుగారి ఊళ్లోనే, చాలా కుటుంబాలు ఇప్పుడు తోలు లాంప్‌షేడ్లు చేసి అమ్ముకుంటున్నాయి, ఆట ఒక్కటే కూడు పెట్టడం లేదు మరి. కాబట్టి ఉద్యోగం వదలొద్దు. డీఎడ్ లేకపోతే ముందు అది చేయండి. సర్కారు బడిలో టీచరైతే సీసీఆర్‌టీ (టీచర్లకు మన కళలు, సంస్కృతి మీద శిక్షణనిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) శిక్షణకు వెళ్లే వీలుంటుంది, చదువులో బొమ్మలాట మీద వాళ్లకు ప్రత్యేకంగా కోర్సే ఉంది, హైదరాబాద్‌లో కేంద్రం కూడా ఉంది.

ఈలోపు ఓ ఆదివారం నిమ్మలకుంట వెళ్లిరండి. మేకతోలును వెలుగు కనబడేంత పలచగా చేసి, రంగులద్ది, నగల చోట సన్నటి చిల్లులు కొడతారు, తెర వెనక దీపం పెడితే ఆ నగలు ధగధగలాడతాయి. చేతులు కట్టుకుని చూడకుండా ఓ చిన్న బొమ్మైనా చేయించుకుని నేర్చుకోండి.

క్లాసులో మాత్రం ఆట పది నిమిషాలు దాటనివ్వకండి, మూడేళ్ల పిల్లలు అంతకుమించి కూర్చోరు. తర్వాత బొమ్మ వాళ్ల చేతికివ్వండి. మీతో నోరు విప్పని పిల్ల కుక్కపిల్లతో కబుర్లు చెబుతుంది చూడండి! సెలవుల్లో వర్క్‌షాపులు పెడితే ఫీజు తీసుకోండి, మొహమాటపడి ఊరికే చేయకండి.