మతిమరుపు పిల్లవాడు పైలట్ కావచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి హన్మకొండలో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. పైలటే అవుతానని పట్టుబట్టాడు. లెక్కలన్నీ వచ్చు, కానీ ప్లస్‌కు మైనస్ వేసి మార్కులు పోగొట్టుకుంటాడు. విమానం కూలిన ప్రతిసారీ టీవీలో ‘పైలట్ తప్పిదం’ అంటుంటే గుండె ఝల్లుమంటోంది. వీణ్ణి అందులో చేర్పించొచ్చా? – ఒక తల్లి

జవాబు: మతిమరుపు ఒక్కటే అయితే భయం లేదమ్మా. మనిషన్నాక మరిచిపోతాడన్న లెక్కతోనే కాక్‌పిట్ పని నడుస్తుంది. 1935లో అమెరికాలో బోయింగ్ 299 అనే కొత్త బాంబర్ గాల్లోకి లేచీ లేవగానే కూలింది. నేల మీద గాలికి తోక పలకలు కొట్టుకోకుండా వేసే లాక్‌ను తీయడం ఆరితేరిన పైలట్లే మరిచారు. కాగితం చూసి చదివే చెక్‌లిస్టు వాడుక అక్కణ్నుంచే ఊపందుకుంది.

భయపడాల్సింది చూడకుండానే ‘చూశా’ అనే అలవాటుకు. 2008 ఆగస్టులో మాడ్రిడ్‌లో స్పాన్ఎయిర్ ఎండీ-82 విమానం ఒకసారి రన్‌వే దాకా వెళ్లి, రిపేరు కోసం వెనక్కి వచ్చింది. ఆలస్యమైంది, తొందర పెరిగింది. రెండోసారి బయల్దేరినప్పుడు, విమానం లేవడానికి ఊతమిచ్చే రెక్కల వెనక పలకలు, అంటే ఫ్లాప్స్, దించనే లేదు. చివరి చెక్‌లో మాత్రం కో పైలట్ నోటి వెంట ‘11’ అని వచ్చింది. అది ఫ్లాప్స్ దిగాల్సిన డిగ్రీల అంకె, మీటరు చూపిస్తున్నది కాదు. హెచ్చరిక హారనూ మోగలేదు. 154 మంది పోయారు. 1987లో డెట్రాయిట్‌లోనూ అదే రకం విమానం, అదే పొరపాటు, అక్కడా హారన్ మూగబోయింది.

మీవాడి ప్లస్-మైనస్‌కు దగ్గరి చుట్టం 2009 మార్చిలో మెల్‌బోర్న్‌లో జరిగింది. టేకాఫ్ లెక్క కోసం విమానం బరువు 362.9 టన్నులని కొట్టాల్సిన చోట 262.9 పడింది. వంద టన్నులు తక్కువ చూపేసరికి కంప్యూటరు తక్కువ ఇంజిన్ బలం, తక్కువ వేగాలు లెక్కగట్టి ఇచ్చింది. తోక రన్‌వేకు రాసుకుంది. ఎలాగో లేచి, తిరిగి క్షేమంగా దిగారు. తప్పు అంకె ఎవరి వేలి కిందైనా పడుతుంది. రెండో మనిషి విడిగా లెక్కగట్టి పోల్చేది అందుకే. కాబట్టి మీవాడు తప్పు చేస్తాడా అని కాదు, చేసిన లెక్కను మళ్లీ సరిచూస్తాడా అని గమనించండి.

శిక్షణలో ఈ పని మొదటి రోజు నుంచే ఉంటుంది. సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానం ఎక్కేముందు ట్యాంకుల అడుగు నుంచి కాస్త పెట్రోలు గాజు గొట్టంలోకి వంచి నీళ్లున్నాయేమో చూడాలి. రన్‌వే ఎక్కేముందు, 172ఎస్ మోడల్‌లో అయితే, ఇంజిన్‌ను 1800 ఆర్పీఎంకు పెంచి, ఒక్కో మాగ్నెటో (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే పరికరం, రెండుంటాయి) మీద విడిగా నడిపిస్తారు. ఇంజిన్ వేగం 150 ఆర్పీఎంకు మించి పడకూడదు, రెంటి మధ్య తేడా 50 దాటకూడదు. పిల్లలు తడబడే చోటు ఇంకొకటుంది: అసలు పడకపోయినా తప్పే. ఆ మాగ్నెటో ఆఫ్ కావడం లేదన్నమాట, ఆపిన ఇంజిన్ ఫ్యాను చేత్తో తిప్పినా అంటుకోవచ్చు. అంకె బాగుందని సంబరపడేవాడికి ఇది దొరకదు. తర్వాత స్టీరింగ్ ఎడమకు తిప్పితే ఎడమ రెక్క పలక పైకి లేవాలి. తల తిప్పి కళ్లతో చూడాలి.

ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. నెల రోజులు, వాళ్ల నాన్న బండి తీసేముందు బ్రేకు, టైర్ల గాలి, లైటు, స్టాండు, పెట్రోలు కాగితం మీద రాసుకుని మీరు ఒక్కొక్కటే అడగండి, వాడు ముట్టుకుని జవాబివ్వాలి. మధ్యలో ఒక రోజు చెప్పకుండా వెనక టైరు గాలి కొంచెం తీసేయండి. వంగి చూడకుండానే ‘ఓకే’ అన్నాడంటే ఇంకొన్నాళ్లు ఆగండి. దొరకబట్టి ‘నాన్నా, ఆగు’ అన్నాడంటే ఆ గొంతే కాక్‌పిట్‌లో కావాల్సింది. 1996లో డొమినికన్ రిపబ్లిక్‌లో బిర్గెన్ఎయిర్ 757 రన్‌వే మీద పరుగెడుతుండగానే కెప్టెన్ ముందున్న వేగం మీటరు పనిచేయడం లేదని తేలింది. ఆపడానికి సమయం ఉండగా ఆపలేదు. 189 మంది చనిపోయారు.

ఇక డబ్బు సంగతి. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటల ఎగురుడు కావాలి. ఖర్చు యాభై లక్షల దరిదాపు, ఎయిర్‌లైన్ విమానం నడపడానికి టైప్ రేటింగ్ ఖర్చు వేరు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లలో 70 శాతం రావాలి. ఎంపీసీ కాబట్టి ఫిజిక్స్, మ్యాథ్స్ అడ్డంకి లేదు. యూపీలో రాయ్‌బరేలీ దగ్గరున్న ప్రభుత్వ పైలట్ అకాడమీ ఇగ్రువాకు ప్రవేశ పరీక్ష ఉంటుంది, అదీ రాయించండి. మన వరంగల్ పక్కన మామునూరులో ఎయిర్‌పోర్టు వస్తోంది కదా, ఇక్కడే ఉద్యోగమని చెప్పేవాళ్ల మాట పట్టించుకోవద్దు, పైలట్ కొలువు ఊరినిబట్టి రాదు.

ఏ అకాడమీకీ అడ్వాన్సు కట్టకముందే డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్-2 మెడికల్, ఆ వెంటనే క్లాస్-1 చేయించండి. కళ్లజోడు ఉన్నా, దానితో చూపు సరిపోతే ఫరవాలేదు. రంగులు గుర్తుపట్టే పరీక్షలో, రంగుచుక్కల పుస్తకంలోని అంకెలు చదవలేకపోతేనే చిక్కు. అది లక్షలు కట్టాక తెలియకూడదు.